వాకా విలియమ్స్ ఆస్ట్రేలియా సెనేట్‌లో ఏం చేశారు? తరచుగా అడిగే ప్రశ్నలు

సిడ్నీలో నలుగురు తెలుగువాళ్లం కలిస్తే మాటలు చివరికి ఇంటి లోన్ల మీదికో, బ్యాంకుల మీదికో వెళ్తాయి. అప్పుడు నేను విలియమ్స్ పేరెత్తుతాను. "ఆయనెవరండీ?" అంటారు. చెప్పడం మొదలుపెడితే ప్రశ్నలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. చెప్పిందే చెప్పలేక అన్నీ ఒకచోట రాసి పెట్టాను. నాది అకౌంటెంట్ ఉద్యోగం, రాజకీయాలు నా పని కాదు. పార్లమెంటు మాటలను అక్షరం పొల్లుపోకుండా అచ్చేసే హన్సార్డ్ చదవడం మాత్రం వ్యసనమైపోయింది.

సెనేటర్ అంటే మన రాజ్యసభ ఎంపీ లాంటివారేనా?

సగం అవును. ఎగువ సభ, ఆరేళ్ల పదవి అనే రెండూ కలుస్తాయి. ఎన్నుకునే పద్ధతి వేరు. రాజ్యసభకు మన ఎమ్మెల్యేలు ఓటేస్తారు, సీట్లు జనాభాను బట్టి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. ఆస్ట్రేలియా సెనేట్‌కు జనమే నేరుగా ఓటేస్తారు. మొత్తం 76 సీట్లలో ఆరు రాష్ట్రాలకు తలా 12, కేంద్రపాలిత ప్రాంతాల్లాంటి రెండు టెరిటరీలకు తలా 2. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌కు 12 అయితే, మన సగటు జిల్లా జనాభా కూడా లేని టాస్మేనియాకూ 12 సీట్లే.

పార్టీకి వచ్చిన ఓట్ల వాటాను బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతిలో లెక్కిస్తారు కాబట్టి చిన్న పార్టీలూ గెలుస్తాయి, ప్రభుత్వానికి సెనేట్‌లో మెజారిటీ దొరకడం అరుదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. కింద చెప్పే కథంతా దీని మీదే నడుస్తుంది. ప్రభుత్వానికి ఇష్టం లేకపోయినా విచారణ వేయించగల సభ ఇది.

ఇంతకీ వాకా విలియమ్స్ ఎవరు?

అసలు పేరు జాన్ విలియమ్స్. వాకా అనేది ముద్దుపేరు, మన ఊళ్లలో బుజ్జి, చంటి అన్నట్టు. కాకపోతే ఈయన్ని పార్లమెంటులో కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. 1955లో దక్షిణ ఆస్ట్రేలియాలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టారు. తర్వాత న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన ఇన్‌వెరెల్ అనే ఊళ్లో స్థిరపడ్డారు. నీలాలు దొరికే ఊరుగా దానికి పేరు. సిడ్నీ నుంచి కారులో వెళ్తే రోజంతా పడుతుంది.

సేద్యం చేశారు, గొర్రెల బొచ్చు కత్తిరించారు, లారీ నడిపారు, చిన్న వ్యాపారం పెట్టారు. నేషనల్స్ పార్టీ తరఫున 2007 ఎన్నికల్లో గెలిచి 2008 జూలై 1న సెనేట్‌లో కూర్చున్నారు. 2019 జూన్ ఆఖరున దిగిపోయారు. మంత్రి పదవి ఎప్పుడూ చేయలేదు. సెనేట్‌లో తమ పార్టీ విప్‌గా ఉన్నారు, అంతే.

నేషనల్స్ అంటే ఒకప్పటి కంట్రీ పార్టీ, 1920 నుంచి ఉన్న రైతుల పార్టీ. లిబరల్స్‌తో పొత్తులో 2013 నుంచి 2022 దాకా ప్రభుత్వం నడిపింది. ఆ పొత్తు సంగతి కిందికి వెళ్లాక పనికొస్తుంది.

రైతు బ్యాంకుల వెంట ఎందుకు పడ్డారు? స్విస్ అప్పు అంటారు, అదేమిటి?

అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నెమ్మదిగా చెప్తాను.

1980లలో ఆస్ట్రేలియాలో వడ్డీలు మండిపోతున్నాయి. స్విట్జర్లాండ్‌లో వడ్డీలు దాంట్లో సగం కూడా లేవు. అప్పుడు బ్యాంకులు రైతుల దగ్గరికీ చిన్న వ్యాపారుల దగ్గరికీ వచ్చి, స్విస్ ఫ్రాంకుల్లో అప్పు తీసుకోండి, వడ్డీ తక్కువ అన్నాయి. వడ్డీ తక్కువన్న మాట నిజమే. కానీ 1983 డిసెంబరులో ఆస్ట్రేలియా తన డాలరు విలువను మార్కెట్‌కు వదిలేసింది. ఇక అది ఎటైనా పోవచ్చు.

ఒక లెక్క చూడండి. అంకెలు గుండ్రంగా వేస్తున్నాను, పద్ధతి తెలియడానికి. డాలరుకు 2 ఫ్రాంకులు వస్తున్నప్పుడు మీరు లక్ష డాలర్ల అప్పు తీసుకున్నారు. అంటే మీ పేరున 2 లక్షల ఫ్రాంకుల బాకీ ఉంది. రెండేళ్లలో డాలరు పడిపోయి 1 ఫ్రాంకే వస్తోంది. బాకీ అదే 2 లక్షల ఫ్రాంకులు. తీర్చాలంటే ఇప్పుడు 2 లక్షల డాలర్లు కావాలి. మీరు పైసా అదనంగా తీసుకోలేదు, కిస్తీ కూడా ఎగ్గొట్టలేదు. అప్పు మాత్రం రెట్టింపయింది. 1985, 86లలో జరిగింది అచ్చం ఇదే. ఫ్రాంకుతో పోలిస్తే ఆస్ట్రేలియా డాలరు దాదాపు సగానికి పడింది.

గోధుమ, ఉన్ని అమ్మే రైతుకు ఫ్రాంకు రేటు ఎక్కడ తెలుస్తుంది? విలియమ్స్ కుటుంబం కామన్‌వెల్త్ బ్యాంకులో ఇలాంటి అప్పే తీసుకుంది. అప్పట్లో అది ప్రభుత్వ బ్యాంకు. చివరికి పొలం పోయింది.

ఈ కథ చదివినప్పుడల్లా మా నాన్న గుర్తొస్తారు. పల్నాడులో మా మిరప చేను మీద అప్పుకు వెళ్తే ఒక బ్యాంకు ఆఫీసరు ఖాళీ ఫారాల మీద వరసగా సంతకాలు పెట్టించుకున్నాడు. "వివరాలు మేం నింపుకుంటాంలే పెద్దాయనా" అన్నాడు. ఆ ఫారాల్లో ఏం నింపారో మాకు మూడేళ్ల తర్వాత నోటీసు వచ్చాక తెలిసింది. పొలం పోలేదు గానీ అమ్మ గాజులు పోయాయి. అందుకే విలియమ్స్ కమిటీలో కూర్చుని "ఆ కాగితం మీద సంతకం ఎవరిది?" తరహా ప్రశ్న వేసినప్పుడు, అది చదువుకుని వచ్చిన ప్రశ్న కాదని నాకు అర్థమవుతుంది.

సభలో మాట్లాడటానికీ, కమిటీలో అడగడానికీ అంత తేడా ఉందా?

చాలా ఉంది. సభలో మీరు మాట్లాడతారు, ఎదుటివాళ్లు వింటారు లేదా ఫోను చూసుకుంటారు. కమిటీలో మీరు అడుగుతారు, ఎదుటి మనిషి జవాబు చెప్పాలి. అబద్ధం చెబితే సభా ధిక్కారం. అక్కడ సాక్షి చెప్పిన మాటను ఆధారంగా చూపి అతని మీద పరువు నష్టం కేసు వేయడానికి కుదరదు. బ్యాంకులో పనిచేస్తూ బ్యాంకు తప్పు బయటపెట్టే మనిషికి ఈ రక్షణ చాలా పెద్దది.

సెనేట్ కమిటీలు ఒక్కో శాఖకు జంటగా ఉంటాయి. బిల్లులు చూసే కమిటీకి ప్రభుత్వ పక్షం వారు అధ్యక్షులు. విచారణలు చేసే కమిటీకి సాధారణంగా ప్రతిపక్షం వారు. విలియమ్స్ ఎక్కువ కాలం గడిపింది ఆర్థిక వ్యవహారాల కమిటీలోనూ, కంపెనీల వ్యవహారాలు చూసే ఉభయ సభల ఉమ్మడి కమిటీలోనూ. రైతు మనిషి వ్యవసాయ కమిటీకే అంటిపెట్టుకుని ఉంటాడనుకుంటాం. ఆయన తన పొలం ఎక్కడ పోయిందో ఆ గుమ్మం ముందే కూర్చున్నారు.

ఎస్టిమేట్స్ అంటే ఏమిటి? అందరూ ఆ మాట అంటుంటారు.

ఎస్టిమేట్స్ కమిటీ మన లోక్‌సభకూ ఉంది. పేరు ఒకటే, పని వేరు. కాన్‌బెర్రాలో 1970 నుంచీ ఇది జరుగుతోంది. బడ్జెట్ తర్వాత మే నెల ప్రాంతంలో, మళ్లీ అక్టోబరులో, ఫిబ్రవరిలో. ప్రతి శాఖ అధికారులూ వచ్చి సెనేటర్ల ముందు కూర్చోవాలి. పేరుకు డబ్బు లెక్కలు. నిజానికి ఆ శాఖ డబ్బు తీసుకుంటోంది కాబట్టి దాని పని మీద ఏదైనా అడగొచ్చు. పొద్దున తొమ్మిదికి మొదలైతే రాత్రి పదకొండు దాకా సాగుతుంది. అంతా ప్రత్యక్ష ప్రసారం.

నేను మొదటిసారి చూసింది మా వంటింట్లో, ల్యాప్‌టాప్ పొయ్యి పక్కన పెట్టుకుని, రాత్రి పదిన్నర దాటాక. గుర్రపు నాడా ఆకారంలో బల్ల. ఒకవైపు సెనేటర్లు, ఎదురుగా అధికారులు. అధికారుల ముందు రంగురంగుల చీటీలు అతికించిన లావుపాటి ఫైళ్లు. ప్రశ్న రాగానే ఒకాయన చీటీ పట్టుకుని పేజీ తిప్పుతాడు, వెనక వరసలోంచి ఒకామె వంగి ఇంకో కాగితం అందిస్తుంది. అందరి ముఖాల్లో అలసట. అప్పటికి పత్రికలవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. అసలు సంగతులు ఆ సమయంలోనే బయటపడతాయి. ఆ రోజు పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోయాయి, అది వేరే కథ.

గ్రామీణ సెనేటర్లకు ఈ వేదిక అంటే ఎందుకో ఇష్టం ఎక్కువ. బిల్ హెఫెర్నన్ అని జూనీ అనే ఊరి రైతు, లిబరల్ సెనేటర్. పార్లమెంటు భవనంలో తనిఖీలు సడలించారని కోపం వచ్చి, 2014 మేలో నకిలీ పైపు బాంబు ఒకటి లోపలికి తెచ్చి ఎస్టిమేట్స్‌లో పోలీసు కమిషనర్‌కు చూపించారు. విలియమ్స్ ఇలాంటి నాటకాలు ఆడలేదు. ఒకే ప్రశ్నను ఆరు నెలలకోసారి తిరిగి వేయడం ఆయన పద్ధతి.

జవాబు తప్పించుకుంటే?

తప్పించుకుంటారు. "ఇప్పుడు వివరాలు లేవు, రాతపూర్వకంగా పంపుతాం" అనే మాట ఎస్టిమేట్స్‌లో ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. మన కలెక్టరేట్‌లో "ఫైలు పైకి వెళ్లిందండీ" లాంటిది. అయితే ఇక్కడ గడువు తేదీ ఉంటుంది, పంపిన జవాబును అందరూ చదివేలా బయట పెడతారు. జవాబు డొంకతిరుగుడుగా ఉంటే తర్వాతి సమావేశంలో దాన్నే చేతిలో పట్టుకుని మళ్లీ అడగొచ్చు. ఓపిక ఉన్నవాడిదే ఆట.

మొదటి పెద్ద విచారణ ఏది?

లిక్విడేటర్ల మీద. మునిగిపోయిన కంపెనీ ఆస్తులమ్మి దానికి అప్పులిచ్చినవాళ్లకు పంచే మనిషి లిక్విడేటర్. ఆయన ఫీజు ముందు తీసుకున్నాకే మిగతావాళ్లకు. అర్థమైంది కదా, పిల్లికి పాల కాపలా. న్యూ సౌత్ వేల్స్‌లో ఒక లిక్విడేటర్ ఇలా కంపెనీల సొమ్ము తినేస్తున్నాడని బాధితులు మొత్తుకుంటే విలియమ్స్ ఆ విషయం సెనేట్‌లో లేవనెత్తి, విచారణ వేయించారు. కమిటీ నివేదిక 2010 సెప్టెంబరులో వచ్చింది. ఆ లిక్విడేటర్‌కు 2011లో ఆరేళ్ల జైలు పడింది. దివాలా చట్టాల సవరణ మాత్రం 2016లో గానీ రాలేదు. నివేదిక నుంచి చట్టానికి ఆరేళ్లు.

కామన్‌వెల్త్ బ్యాంకు సలహాదారుల కేసులో ఆయన పాత్ర ఏమిటి?

ఆయన పేరు నిలబడింది దీనితోనే.

ఆ బ్యాంకుకు ఆర్థిక సలహాలిచ్చే విభాగం ఒకటి ఉండేది. రిటైరైనవాళ్లు తమ పొదుపంతా తెచ్చి సలహాదారు చేతిలో పెడతారు. ఆ సలహాదారులకు కమీషన్ల మీద యావ. ముసలివాళ్ల డబ్బును ప్రమాదకరమైన పథకాల్లో పెట్టారు. కొన్నిచోట్ల కాగితాల మీద సంతకాలు కూడా ఫోర్జరీ చేశారు. 2008 మార్కెట్ పతనంలో ఆ పొదుపులు ఆవిరయ్యాయి. అగ్రిగోల్డ్ బాధితుల ధర్నాలు చూసినవాళ్లకు ఆ ముఖాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

ఆ విభాగంలోనే పనిచేసే జెఫ్ మోరిస్, మరో ఇద్దరు కలిసి 2008 అక్టోబరులో నియంత్రణ సంస్థకు ఫ్యాక్స్ పంపారు. ఆ సంస్థను పొడి అక్షరాల్లో ఆసిక్ అంటారు. మన సెబీ పనీ, కంపెనీల రిజిస్ట్రార్ పనీ కలిపి చేస్తుంది అనుకోండి. ఫలానా సలహాదారు చేసిన మోసం కప్పిపుచ్చుతున్నారు, ఫైళ్లు శుభ్రం చేస్తున్నారు, త్వరగా రండి అని ఫ్యాక్స్ సారాంశం. ఆసిక్ కదలడానికి 16 నెలలు పట్టింది. ఫైళ్లు శుభ్రం చేయడానికి 16 రోజులు చాలు.

విలియమ్స్ ఎస్టిమేట్స్‌లో ఆసిక్ అధికారులను దీని మీద పట్టుకున్నారు. ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు వెళ్లారు, మధ్యలో ఏం చేశారు? 2013 జూన్‌లో ఫెయిర్‌ఫాక్స్ పత్రికల్లో అడెల్ ఫెర్గూసన్ కథనాలు వరసగా వచ్చాయి. అదే నెల 20న ఆసిక్ పనితీరు మీద సెనేట్ విచారణకు ఆదేశించింది. బాధితులు, మోరిస్, బ్యాంకువాళ్లు, ఆసిక్ అధికారులు అందరూ ఆ గుర్రపు నాడా బల్ల ముందుకు వచ్చారు.

నివేదిక 2014 జూన్ 26న వచ్చింది. 61 సిఫార్సులు. ఆసిక్ బెరుకైన సంస్థ అనీ, పెద్ద బ్యాంకు చెప్పిందల్లా నమ్మేసిందనీ ఘాటుగా రాశారు. రాయల్ కమిషన్ (ప్రభుత్వం నియమించే స్వతంత్ర విచారణ సంఘం) లాంటిది వేయాలన్నారు. వారం తిరగకముందే, జూలై 3న, బ్యాంకు సీఈఓ ఇయాన్ నరెవ్ బయటికొచ్చి క్షమాపణ చెప్పి, పాత కేసులు తిరిగి చూస్తామన్నారు. ప్రభుత్వం మాత్రం రాయల్ కమిషన్ అక్కర్లేదంది.

అంతా ఆయనొక్కడే చేశాడా?

లేదు, అలా చెబితే అన్యాయం. మోరిస్ తన ఉద్యోగాన్నీ ఆరోగ్యాన్నీ పణంగా పెట్టారు. ఫెర్గూసన్ రాయకపోతే జనానికి తెలిసేది కాదు. ఆ కమిటీ అధ్యక్షుడు మార్క్ బిషప్ లేబర్ పార్టీ మనిషి. నివేదిక సభ ముందు పెట్టిన నాలుగు రోజులకు ఆయన పదవీకాలం ముగిసింది, పోతూ పోతూ పని పూర్తిచేసి వెళ్లారు. లేబర్ నుంచి సామ్ దస్త్యారీ, స్వతంత్ర సభ్యుడు నిక్ జెనఫన్, గ్రీన్స్ నుంచి పీటర్ విష్-విల్సన్, వీళ్లందరూ గట్టిగా పనిచేశారు. కానీ వీళ్లలో ఎవరికీ లేని ఇబ్బంది విలియమ్స్‌కు ఉంది. ఆయన పాలక కూటమిలో ఉన్నారు.

సొంత ప్రభుత్వాన్ని ఎదిరించారా మరి?

2015లో గ్రీన్స్ వాళ్లు రాయల్ కమిషన్ కోరుతూ సెనేట్‌లో తీర్మానం పెట్టారు. విలియమ్స్ తన వరసలోంచి లేచి, సభ మధ్యలోంచి నడిచి అవతలి పక్షాన కూర్చుని ఓటేశారు. విప్‌గా ఉన్న మనిషి! మన దగ్గరైతే ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వమే పోయే ప్రమాదం ఉంటుంది. అక్కడ ఆ చట్టం లేదు. నేషనల్స్‌లో అలా ఓటేయడం తప్పుగా చూడరు కూడా. తీర్మానం ఓడిపోయింది. విచిత్రం ఏమిటంటే ఆ రోజు లేబర్ కూడా ప్రభుత్వంతో కలిసి వ్యతిరేకంగా ఓటేసింది. మరుసటి ఏడాదికల్లా అదే లేబర్ మేం గెలిస్తే రాయల్ కమిషన్ వేస్తాం అని ఎన్నికల్లో ప్రచారం చేసింది. రాజకీయాలు ఎక్కడైనా రాజకీయాలే.

2017 చివరికి నేషనల్స్‌లో మిగతావాళ్లూ ఇటు తిరిగారు. క్వీన్స్‌ల్యాండ్ సెనేటర్ బారీ ఓసలివన్ విచారణ కమిషన్ కోసం సొంతంగా బిల్లు సిద్ధం చేశారు. దిగువ సభలో పాలక పక్షం వాళ్లు ఇద్దరు ముగ్గురు మద్దతిస్తే బిల్లు గట్టెక్కే పరిస్థితి. అంతదాకా వచ్చాక నాలుగు పెద్ద బ్యాంకులూ తామే ఉత్తరం రాశాయి, ఈ అనిశ్చితి తేల్చండి, విచారణ వేయండని. అదే రోజు, 2017 నవంబరు 30న, ప్రధాని మాల్కం టర్న్‌బుల్ రాయల్ కమిషన్ ప్రకటించారు.

ఆ కమిషన్‌తో రైతులకు ఏమైనా ఒరిగిందా?

మాజీ హైకోర్టు న్యాయమూర్తి కెనెత్ హేన్ 2018 అంతా విచారణ చేశారు. అక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు, పొరబడకండి. చనిపోయిన ఖాతాదారుల దగ్గర కూడా సలహా ఫీజు వసూలు చేశారని ఆ విచారణలోనే బయటపడింది. రైతుల అప్పుల మీద ప్రత్యేకంగా బ్రిస్బేన్‌లో విన్నారు. తుది నివేదిక 2019 ఫిబ్రవరి 4న విడుదలైంది, 76 సిఫార్సులు. కొద్ది రోజుల్లో ఒక పెద్ద బ్యాంకు సీఈఓ, ఛైర్మన్ ఇద్దరూ పదవుల నుంచి దిగిపోతున్నట్టు ప్రకటించారు.

రైతుకు సంబంధించి మూడు ముఖ్యం. ఒకటి, జప్తుకు ముందు రైతునూ బ్యాంకునూ మధ్యవర్తి ముందు కూర్చోబెట్టాలి. న్యూ సౌత్ వేల్స్‌లో ఈ చట్టం 1994 నుంచే ఉంది, దేశమంతటా ఒకే పద్ధతి పెట్టమన్నారు. రెండు, కరువు ప్రకటించిన ప్రాంతంలో సాగుభూమి తాకట్టు అప్పు మీద అపరాధ వడ్డీ వేయకూడదు. మూడు, తాకట్టు భూమికి విలువ కట్టేవాళ్లు అప్పులిచ్చే విభాగంతో సంబంధం లేనివాళ్లై ఉండాలి. వానలు పడక కిస్తీ కట్టలేని మనిషి మీద ఇంకో రెండు మూడు శాతం ఎక్కువ వడ్డీ రుద్దడం ఎక్కడి న్యాయమో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఈ రెండో సిఫార్సు చదివి మా నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "మరి పాతది వెనక్కిస్తారా?" అన్నారు.

బ్యాంకులు తప్ప ఇంకేమీ మాట్లాడలేదా?

మాట్లాడారు. సాగు, కరువు, పల్లె ఆసుపత్రులు, రోడ్లు, గ్రామీణ సెనేటర్లందరూ మాట్లాడేవే. 2009లో కార్బన్ వాణిజ్య బిల్లును తమ పార్టీతో పాటు వ్యతిరేకించారు. తప్పు బయటపెట్టినవాళ్లకు రక్షణ, పరిహారం ఉండాలని పదే పదే అన్నారు. ఆ రక్షణ చట్టం 2019 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఆయన దిగిపోయిన మర్నాడు. వేధింపుల వల్ల నష్టపోతే పరిహారం కోరే దారీ అందులో ఉంది.

ఆయన ప్రసంగాలు బాగుంటాయా?

నిజం చెప్పాలంటే పెద్దగా ఉండవు. మెరుపులు, కవిత్వం లేవు. రచ్చబండ దగ్గర పెద్దమనిషి కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. ఒక ఊరు, ఒక కుటుంబం, ఇంత అప్పు, ఇంత వడ్డీ. కొన్నిసార్లు చెప్పిందే చెప్తారు. వాతావరణ మార్పుల మీద ఆయన వాదనలతో నాకు ఏకీభావం లేదు. ప్రసంగాలు వదిలేసి కమిటీ ప్రశ్నోత్తరాలు చదవండని అందుకే చెప్తుంటాను.

మన దగ్గర ఇలాంటి కమిటీలు లేవా?

ఉన్నాయి. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో మొదలయ్యాయి, ఇప్పుడు 24. ఒక్కోదాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. నివేదికలు బాగానే ఉంటాయి, చదివేవాళ్లే తక్కువ. పెద్ద తేడా ఒక్కటే, మన కమిటీలు తలుపులు మూసుకుని కూర్చుంటాయి. ఒక ఎంపీ ఒక అధికారిని ఏం అడిగాడో, ఆయన ఎలా నీళ్లు నమిలాడో మనం చూడలేం. తలుపు తెరిస్తే ఎంపీలు పని మానేసి కెమెరా కోసం మాట్లాడతారని కొందరి వాదన. అది నిజమే కావచ్చు. ఆస్ట్రేలియాలోనూ అలా మాట్లాడేవాళ్లు ఉన్నారు. రాత్రి పదకొండు దాకా కూర్చోబెడితే చాలావరకు తగ్గుతుంది.

నాకు ఇంకా పౌరసత్వం రాలేదు. నేను సెనేట్ కమిటీకి రాయొచ్చా?

రాయొచ్చు. పౌరసత్వం అడగరు. మన స్టూడెంట్ల అద్దె గొడవలైనా, వీసా ఏజెంట్ల మోసాలైనా, విచారణ దాని మీద ఉంటే చాలు. విచారణ అంశాలు ఏమిటో, ఎప్పటిలోగా పంపాలో కమిటీ ప్రకటిస్తుంది. లాయర్ భాష అక్కర్లేదు, ఒకటి రెండు పేజీలు సరిపోతాయి. ఏం జరిగింది, ఏ తేదీన, ఎంత డబ్బు, ఏం మారాలి. పేరు బయటికి రాకూడదంటే ముందే ఆ మాట రాయండి. కమిటీ ఒప్పుకుంటే గుట్టుగా ఉంచుతుంది. ఒక్క జాగ్రత్త. కమిటీ స్వీకరించక ముందే దాన్ని ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టకండి. పార్లమెంటు రక్షణ కమిటీ స్వీకరించిన కాగితానికే గానీ మీ పోస్టుకు రాదు.

మీ వ్యక్తిగత కేసును కమిటీ పరిష్కరించదు. ఇది ముందే తెలిసుంటే నిరాశ ఉండదు. దానికి ఫిర్యాదులు వినే సంస్థలు వేరే ఉన్నాయి. కమిటీ చూసేది మీలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారని.

హన్సార్డ్‌లో ఆయన మాటలు ఎలా వెతకాలి?

పార్లమెంటు వెబ్‌సైట్‌లో సభ్యుడి పేరు, సంవత్సరం పెట్టి వెతికితే సభ ప్రసంగాలు వస్తాయి. కమిటీలవి, ఎస్టిమేట్స్‌వి విడిగా ఉంటాయి, అక్కడ కూడా టిక్ పెట్టండి, లేకపోతే అసలు సరుకు తప్పిపోతుంది. ముందు 2013, 2014 చదవండి. ఆసిక్ అధికారులు ఉన్న రోజు తెరిచి, పై నుంచి కాకుండా రాత్రి భోజన విరామం తర్వాతి పేజీల నుంచి మొదలుపెట్టండి.